లోహశోధక యంత్రముతో నాణెములను, నగలను వెదకు విధము

మన సంఘము పక్షమున గడచిన వేసవిలో ఒక లోహశోధక యంత్రమును కొనిన సంగతి సభ్యులెల్లరు నెఱిగినదే. భూమిలో పడి కనబడకుండ పోయిన నాణెములను, నగలను, పనిముట్లను కనుగొనుటకు దీనిని తెప్పించితిమి. ఒక్కొక్క కుటుంబమునకు ఇట్టి యంత్రముతో పని ఏండ్లకొకమాఱు గాని కలుగదు. కావున ఒకరు సొంతముగా కొనుట వృథావ్యయము. పదిమంది కలిసి కొనుట వివేకము. అయితే యంత్రమును కొనుట వేఱు, దానిని వాడుట నేర్చుట వేఱు. తీసికొనిపోయిన సభ్యులలో కొందఱు "ఇది దేనికిని పనికిరాదు, ప్రతి మేకునకు అఱచుచున్నది" అని మూడవనాడే తెచ్చి యిచ్చివేసిరి. తప్పు యంత్రముది కాదు. మేమును మొదట అట్లే పొరపడితిమి. ఆ పొరపాటువలన ఒకరికి కలిగిన కష్టమును ముందుగా చెప్పి, పిదప పాఠమునకు వచ్చెదము.

చేలో పోయిన పుస్తె

కలుపుతీత దినములలో సభ్యుడొకని భార్య మెడలోని పసుపుత్రాడు తెగి, రెండు పుస్తెలలో ఒకటి వరిమడిలో జాఱిపోయినది. ఇంటికి వచ్చినపిదప గాని ఆమె గమనింపలేదు. ఆనాడు ఆ మడిలో ఎనమండుగురు స్త్రీలు వరుసగా వంగి కలుపుతీసిరి. ఆమె ప్రక్కవరుసలో నున్న కూలి స్త్రీపై అనుమానము పుట్టెను. ఎవరును బాహాటముగా ఏమియు ననలేదు. కాని ఊరిలో మాట పాకుటకు బాహాటముగా అననక్కఱలేదు గదా.

సంఘమునకు కబురు రాగా, మడిలోని నీటిని తీయించి మేము యంత్రమును కొనిపోతిమి. మేకుల గోల పడలేక వడపోత మీటను బాగుగా పైకి త్రిప్పి, ఇనుమును, రేకుముక్కలను పలుకకుండ చేసితిమి. సాయంకాలమువఱకు మడియంతయు నడచితిమి. యంత్రము నిశ్శబ్దముగా నుండెను. "మడిలో లేదు" అని చెప్పి వచ్చితిమి. మేమన్న ఆ రెండు మాటలు ఆ కూలి స్త్రీపై తీర్పువలె పడినవి.

రాత్రి యంత్రముతో వచ్చిన చిన్న పుస్తకమును మరల చదువగా మా తప్పు తెలిసినది. పలుచని బంగారపు బిళ్లను, పురుగుమందు పొట్లముల తళుకురేకును యంత్రము ఇంచుమించు ఒకే తీరుగా వినును. రేకు నోరు మూయించినప్పుడు బంగారము నోరును మూయించితిమి. మఱునాడు తెల్లవాఱగనే వడపోతను పూర్తిగా తీసివేసి, మడిని త్రాళ్లతో పట్టీలుగా విభజించి, పలికిన ప్రతిచోటను త్రవ్వితిమి. పదునెనిమిది గుంటలలో మేకులు, రేకులు, ఒక కొడవలి ముక్క, ఒక సీసా మూత వచ్చినవి. పందొమ్మిదవ గుంటలో బెత్తెడు లోతున బురదనంటుకొని పుస్తె దొరికినది.

ఆ కూలి స్త్రీ గట్టుమీద నిలిచి చూచుచుండెను. ఆమె మాతో అన్న మాట యొక్కటే: "అయ్యా, ఈ యంత్రము నిన్ననే పలికివుంటే నాకు రాత్రి నిద్ర పట్టేది." యంత్రము పలుకకపోలేదు, మేము దానిని పలుకనీయలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మిదియే. యంత్రమును సరిగా నేర్వక "ఇక్కడ లేదు" అని చెప్పుట, పోయిన వస్తువుకంటె పెద్ద నష్టమును తేగలదు.

యంత్రము పనిచేయు విధము

యంత్రమున ముఖ్యాంగములు మూడు: చేతికఱ్ఱ, దాని క్రిందికొనయందు పళ్లెమువంటి తీగచుట్ట, పైకొనయందు మీటలుగల పెట్టె. పెట్టెలోని బ్యాటరీలనుండి తీగచుట్టలోనికి విద్యుత్తు సెకండునకు వేలకొలది పర్యాయములు ఇటునటు మాఱుచు ప్రవహించును. అందువలన పళ్లెము చుట్టును కంటికి కనబడని అయస్కాంత ప్రభావము కలుగును. ఆ ప్రభావము నేలలోని లోహమును తాకినప్పుడు, కాలువనీరు రాతికి తగిలి సుళ్లు తిరిగినట్లు, లోహమున చిన్న విద్యుత్సుడులు పుట్టును. ఆ సుడులు మరల తమ అయస్కాంత ప్రభావమును పైకి పంపును. పళ్లెములోనే యున్న రెండవ తీగచుట్ట దానిని వినును. పెట్టె దానిని ధ్వనిగా మార్చును. ఇట్టి సంబంధమును 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. ఇప్పటి యంత్రములన్నియు ఆ మూలముపైననే నిలిచియున్నవి.

లోహమును బట్టి ప్రతిధ్వని వచ్చుటలో కొంచెము ఆలస్యము భేదించును. వెండి, రాగి విద్యుత్తును బాగుగా పాఱనిచ్చునవి. ఇనుము అయస్కాంతమునకు లొంగునది. ఆ భేదమును లెక్కించి యంత్రము అంకెను చూపును, ధ్వనిని హెచ్చుతగ్గులు చేయును. ఇనుము అడుగున, వెండి పైన, తక్కినవి నడుమ నుండుట వాడుక. అంతకుమించి యంత్రమునకు ఏమియు తెలియదు. అది లోహము పేరు చెప్పదు. ప్రతిధ్వని తీరును మాత్రమే చెప్పును.

టెలిఫోను నిర్మాత గ్రహాంబెల్లు కథ ఈ సందర్భమున స్మరింపదగినది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు తుపాకి దెబ్బ తినెను. దేహములోని గుండు ఎచ్చటనున్నదో తెలియక వైద్యులు తికమకపడుచుండగా, బెల్లు ఇట్టి పరికరమునే కట్టి తెచ్చెను. కాని పరుపులోని ఉక్కుతీగలు దానిని చికాకుపఱచినవి. అదిగాక, గుండు కుడిప్రక్కననే యున్నదని నమ్మి వైద్యులు ఆ ప్రక్కనే వెదకనిచ్చిరి. గుండు ఎడమవైపున నుండెను. అధ్యక్షుడు సెప్టెంబరు 19న మరణించెను. అంత గొప్ప శాస్త్రజ్ఞుని చేతనున్నను, చుట్టుపట్లనున్న ఇనుమును తొలగింపనిచో, వెదకవలసినచోట వెదకనిచో, యంత్రము నిష్ఫలమగునని దీనివలన తేలుచున్నది.

బంగారమునకు వేఱు ధ్వని లేదు

నేర్చువారు మొట్టమొదట మనసున నాటుకొనవలసిన విషయ మిది. బంగారపు ఉంగరము దాని మందము, వెడల్పు, కల్తీలను బట్టి రేకుముక్క వలెనో, సీసా మూత వలెనో, అల్యూమినియము ముక్క వలెనో పలుకును. "ఈ అంకె వచ్చిన బంగారము" అని ఎవరైన చెప్పినయెడల నమ్మరాదు. నగవెదకునపుడు వడపోతను వాడకుండుట, లేదా ఇనుపమేకులను మాత్రమే కొంచెము తగ్గించుట ఉత్తమము.

నగల ఆకారమును బట్టి పలుకుబడి మాఱును. కొన్నింటిని చెప్పెదము.

ఉంగరములు, మెట్టెలు, గాజులు మూతపడిన చుట్టుగలవి. విద్యుత్సుడులు వానియందు సులభముగ తిరుగును గనుక బాగుగా పలుకును. అదే గాజు విఱిగి చుట్టు తెగినయెడల ధ్వని క్షీణించును.

పుస్తెలు, కాసులు బిళ్లవలె నుండుటచే పళ్లెమునకు ఎదురుగా పడుకొనియున్న బాగుగా వినబడును. నిలువున గ్రుచ్చుకొనియున్న మందముగా వినబడును.

సన్నని గొలుసు మిక్కిలి కష్టము. అది చూపునకు ఒక్కటే నగ; యంత్రమునకు మాత్రము విడివిడి చిన్న కడియాల ప్రోగు. పది గ్రాముల ఉంగరము గట్టిగా పలికినచోట పది గ్రాముల సన్నగొలుసు పలుకకపోవచ్చును. గొలుసు వెదకునపుడు దాని కొక్కెమును గాని, పతకమును గాని ఆశించి వెదకవలెను.

ముక్కుపుడక, చెవిదిద్దు చీల వంటివి రెండంగుళముల లోతు దాటిన మామూలు యంత్రమునకు అందవు. వానికి మట్టిని జల్లించుటయే మేలు.

నాణెముల విషయము మఱియొక తీరు. 1940కి ముందటి బ్రిటిషు వెండిరూపాయి తులము తూకముగలది. పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండి. చార్మినారు బొమ్మగల హైదరాబాదు హాలీ రూపాయియు వెండిదే. ఇట్టివియు, రాగి కానులును, యంత్రమున పైయంకెలతో స్వచ్ఛముగ పలుకును. 1940 తరువాత రూపాయిలో వెండి సగమునకు తగ్గినది. 1947 నాటి రూపాయి నికెలుది. 1957లో దశాంశ నాణెములు వచ్చినవి. 1960 తరువాత పైసలు పెక్కు అల్యూమినియముతో చేసిరి. అవి చెత్తరేకులవలె పలుకును. 1992 నుండి రూపాయి నాణెము అయస్కాంతమునకు అంటుకొను స్టెయిన్‌లెస్ ఉక్కుతో వచ్చినది. అందుచేత ఇనుమును వడపోసినవారు మన రూపాయినే వడపోసిన వారగుదురు. దుకాణపు ఉపదేశములు, విదేశపు పుస్తకములలోని అంకెల పట్టికలు మన నాణెములకు సరిపడవు. మన పట్టికను మనమే వ్రాసికొనవలెను. అది యెట్లన:

పరీక్షామడి

ఇంటిదొడ్డిలో చెత్తలేనిచోట అయిదు గజముల పొడవు, రెండు గజముల వెడల్పు స్థలము చూచుకొనవలెను. ముందుగా యంత్రముతో దానిని గాలించి, పాతమేకులను తీసివేయవలెను. పిదప ఒక మూర దూరమున కొకటిగా వస్తువులను పాతవలెను: ఒక ఇనుపమేకు, ఒక సీసా మూత, పురుగుమందు పొట్లపు రేకు మడత, అల్యూమినియము పైస, ఇప్పటి రూపాయి, రాగి కాని, వెండిమెట్టె. వీనిని మొదట రెండంగుళముల లోతున, వారము గడచిన తరువాత బెత్తెడు లోతున, ఆపైన జానెడు లోతున పాతి చూడవలెను. ప్రతిచోట పుల్లను నాటి, కాగితముపై లోతు, అంకె, ధ్వని వ్రాయవలెను. వెండిమెట్టెకు దారము కట్టి పాతుట మఱువరాదు. నేర్చుకొనుటకు పాతిన నగను పోగొట్టుకొనుట హాస్యాస్పదము. బంగారమును పాతనక్కఱలేదు, చేతివ్రేలి ఉంగరమును తీసి మట్టిపైనుంచి, పళ్లెమును ఎత్తుచు దింపుచు వినిన చాలును.

ఈ పరీక్ష వలన మూడు సంగతులు తేటపడును. ఒకటి: మామూలు యంత్రము రూపాయంత నాణెమును జానెడు లోతుకు మించి వినుట అరుదు. రెండు: ఒకే వస్తువు లోతు పెరిగినకొలది అంకె మాఱును, ధ్వని సన్నగిల్లును. మూడు: మేకు ప్రక్కన నున్న నాణెము మేకువలెనే వినబడును. దినమునకు అరగంట చొప్పున పదిదినములు ఈ మడిలో చెవి పెట్టినవాడు, ఏడాదిపాటు చేలలో ఊరక తిరిగినవానికంటె మిన్నగా నేర్చును. మామూలు తెరచాప వేసికొని పనికి దిగుటకంటె చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొనుట మంచిది. లోతున నున్న వస్తువు గుసగుసవలె పలుకును, గాలిలో అది వినబడదు.

నేల సవరణ

నేల అంతయు ఒకటి కాదు. ఎఱ్ఱనేలలో ఇనుపభస్మము అధికము. నల్లరేగడిలోను అయస్కాంతపు రేణువులుండును. ఇట్టి నేల తానే పలుకుచుండును. అందుకై యంత్రమున 'గ్రౌండ్ బ్యాలెన్సు' అను సవరణ గలదు. లోహము లేని చోట పళ్లెమును జానెడు ఎత్తునుండి అంగుళము ఎత్తువఱకు పలుమాఱు దింపుచు ఎత్తుచు, ధ్వని మాఱకుండునంతవఱకు ఆ మీటను త్రిప్పవలెను. కొన్ని యంత్రములు తమంతట తామే సవరించుకొనును. ఒక చేనినుండి మఱియొక చేనికి పోయినపుడు మరల సవరింపవలెను.

'సెన్సిటివిటీ' అను సూక్ష్మత మీటను పూర్తిగా పెంచిన లోతు పెరుగునని పలువురు తలంతురు. పెరుగునది గోలయే. కరెంటుతీగల క్రింద, మోటారుకొట్టముల దగ్గఱ యంత్రము ఊరక గలగలలాడును. అప్పుడు సూక్ష్మతను తగ్గించుటయే మందు. జేబులోని సెల్‌ఫోనును, తాళపుచెవులను, మొలత్రాటి ఇనుపతాయెత్తును, ఇనుపమేకుల చెప్పులను దూరముగా నుంచవలెను. బెల్లునకు పరుపు చేసిన అపకారమును ఇవి మనకు చేయును.

చేలో వెదకు క్రమము

పోగొట్టుకొన్నవారిని ముందుగా నెమ్మదిగా విచారింపవలెను. "అమ్మా, కడపట ఎప్పుడు చూచితివి? ఆ తరువాత ఎచ్చట వంగితివి, ఎచ్చట కూర్చుంటివి, చేతులెచ్చట కడిగితివి?" అని అడిగి, ఆమెనే ఆ దారిన నడిపింపవలెను. సద్ది తిన్నచోటు, మోపు ఎత్తుకొన్నచోటు, కాలువలో కాళ్లు కడిగినచోటు, గట్టు దాటినచోటు మొదట చూడవలెను. కాని ఆమె చెప్పిన చోటనే యుండునని పట్టుబట్టరాదు.

తరువాత స్థలమును త్రాళ్లతో రెండు మూరల వెడల్పు పట్టీలుగా చేయవలెను. పళ్లెమును నేలకు అంగుళము ఎత్తున, సమముగా, మెల్లగా ఇటునటు ఆడించుచు నడువవలెను. ఊయలవలె ఊపి చివరల పైకి ఎత్తరాదు. ఎత్తినచోట లోతు పోవును. పళ్లెము క్రింది ప్రభావము గరాటువలె క్రిందికి సన్నబడుచుండును. కావున ఒక ఊపు పడినచోట సగమైన రెండవ ఊపు కప్పవలెను. ఒక దిక్కున ముగిసిన తరువాత దానికి అడ్డముగా మరల నడువవలెను. ఒక దిక్కున పలుకని నిలువుబిళ్ల మఱియొక దిక్కున పలుకవచ్చును.

పలికినచోట ఆగి, పళ్లెమును తూర్పుపడమరలుగా ఒకసారి, ఉత్తర దక్షిణములుగా ఒకసారి ఆడింపవలెను. ధ్వని గట్టిగా వచ్చిన రెండు గీతలు ఖండించుకొన్నచోటు వస్తువుండు తావు. రెండు దిక్కులను ఒకే తీరుగ వచ్చు ధ్వని త్రవ్వదగినది. ఒక దిక్కున వచ్చి మఱియొక దిక్కున విఱిగిపోవునది తఱచుగా ఇనుము. తఱచుగా అంటిమేగాని ఎల్లప్పుడు అనలేదు. పరుల మానము ముడిపడియున్నచోట అట్టి ధ్వనినిగూడ త్రవ్వవలసినదే.

నీరు నిలిచిన మడికంటె, నీరుతీసి మట్టి గట్టిపడని మడి వెదకుటకు అనుకూలము. నేల నెఱ్ఱెలు విచ్చినయెడల వస్తువు నెఱ్ఱెలో లోతునకు జాఱును. కావున ఆలస్యము కూడదు. పోయిన పిదప నాగలిగాని ట్రాక్టరుగాని పెట్టరాదు. పళ్లెము తడిసినను చెడని యంత్రములు కలవుగాని, పెట్టె నీటికి తాళునని తెలియక తడుపరాదు.

త్రవ్వు విధము

గునపముతో పొడుచుట మహాపరాధము. మెత్తని బంగారము గాటుపడును, నాణెపు ముఖము చెడును. గుఱి కుదిరినచోటికి బెత్తెడు ఎడముగా నలువైపుల తాపీతో కోసి, మట్టిపెల్లను వేఱుతో సహా ఎత్తి ప్రక్కనుంచవలెను. గుంటను, పెల్లను వేఱువేఱుగా యంత్రముతో చూచిన వస్తువు ఎచ్చటనున్నదో తెలియును. మట్టిని గోనెపై పోసి చేతితో విడదీయవలెను. దొరికినపిదపగూడ గుంటను మరల వినవలెను; గొలుసు తెగినపుడు ఒకటికి రెండు ముక్కలుండును. తరువాత పెల్లను యథాస్థానమున నుంచి త్రొక్కవలెను. ఇతరుల చేలో గుంటలు విడిచిపోయినవానిని రెండవమాఱు ఎవరును రానీయరు.

బావి మోటారు కేబుళ్లు గట్టులవెంట పాతియుండును. పొడవుగా గీతవలె పలుకు ధ్వని వచ్చినయెడల త్రవ్వక, యజమానిని పిలిచి, స్టార్టరును ఆపి, ఫ్యూజును తీయించి, పిదప చేయిపెట్టవలెను. వెదకునపుడు దొరికిన మేకులను, తీగముక్కలను మరల చేలో పాఱవేయక సంచిలో వేసికొనిరావలెను. మేతతోపాటు తీగముక్కలను మ్రింగిన పశువులకు పొట్టలో గ్రుచ్చుకొని ప్రాణహాని కలుగుట గలదు. కల్లమును నూర్పుకు ముందు ఈ యంత్రముతో ఒకమాఱు గాలించుట పశువులకు మేలు.

యంత్రమునకు చేతకానివి

లోహశోధకము లోహమును గాని రాతిని వినదు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములలో తొలకరి వానలకు జనులు వజ్రములకై చేలు వెదకుట ప్రసిద్ధము. అక్కడికి ఈ యంత్రమును కొనిపోవుట వ్యర్థము. వజ్రము దానికి గులకఱాయితో సమానమే. ఉంగరమునందలి రాయి ఊడిపోయినను యంత్రము సహాయపడదు.

"నూఱుగజముల దూరమునుండి బంగారమును చూపును" అని చెప్పి, పిడిపై తిరుగు కడ్డీలనో, రాగిపుల్లలనో వేలకొలది రూపాయలకు అంటగట్టువారు బయలుదేఱుదురు. అవి యంత్రములు కావు. పట్టినవాని చేతివణుకుచే తిరుగును. ఇట్టి కడ్డీలనే బాంబులను కనుగొనునవని ఇరాకు మున్నగు దేశములకు అమ్మిన జేమ్సు మెక్‌కార్మికు అనువానికి 2013లో లండనులో పదేండ్ల చెఱ పడినది. ప్రభుత్వములనే మోసగించిన వస్తువు రైతును మోసగించుట యేమి ఆశ్చర్యము? గుప్తనిధులున్నవని ఆశపెట్టి పూజలకు, త్రవ్వకములకు సొమ్ము లాగువారినిగూడ ఈ కోవలోనే చేర్పవలెను. వారి మాట విని భూమి తాకట్టుపెట్టినవారికి మిగులునది గుంటయే.

పాతర దొరికినయెడల

మన దేశమున శాతవాహనుల సీసపు నాణెములు, రోమను నాణెములు, తరువాతి రాజుల వరహాలు చేలలో దొరికిన సందర్భములు పెక్కు. కావున పోయిన ఉంగరమునకై వెదకుచుండగా పాతకాలపు ధనము బయటపడుట అసంభవము కాదు. అట్టి సమయమున ఏమిచేయవలెనో ముందే తెలిసియుండవలెను.

1878 నాటి నిక్షేప చట్టము ప్రకారము, భూమిలో దాగియున్న పది రూపాయలకు మించిన విలువగల ఏ వస్తువు దొరికినను, దొరికినవాడు అది ఏమిటి, ఎంత, ఎచ్చట, ఏనాడు దొరికినది అను వివరములతో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. దాచినవానికి ఏడాదివఱకు చెఱగాని, జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును; అతనికి రావలసిన భాగమును పోవును. చెప్పినవానికి చట్టము మేలునే తలపెట్టినది. సొంతదారు ఎవరును లేరని తేలినపుడు, వేఱు ఒడంబడిక లేనిచో, ముప్పాతిక పాలు దొరికినవానికిని, పాతిక పాలు భూమి యజమానికిని చెందునని ఆ చట్టపు మూలపాఠము. ప్రభుత్వము తానే తీసికొనదలచిన, లోహపు విలువపై అయిదవ వంతు అధికముగా చెల్లింపవలెనని అందు గలదు. రాష్ట్రములు చేసికొనిన సవరణలుండును గనుక, తహశీలుదారు కచేరిలో విచారించుట క్షేమము. రక్షిత స్థలములలో, పాతకోటలలో, పాటిదిబ్బలపై, దేవాలయ భూములలో యంత్రమును పెట్టనే రాదు. దారిలో పడియున్న నేటి నగ దొరికినను, సొంతదారును వెదకక ఉంచుకొనుట నేరమే.

పాతనాణెములను చింతపండుతోగాని, బూడిదతోగాని తోమరాదు. తోమినయెడల అక్షరములు అరుగును. వానితోపాటు చరిత్రయు, విలువయు నశించును. ఉన్నవి ఉన్నట్లుగా, మట్టితోనే గుడ్డలో చుట్టి యుంచవలెను.

దీనికి ఇంగ్లండులోని ఒక రైతుసంబంధమైన కథ మంచి నిదర్శనము. సఫోకు మండలమున హాక్సను గ్రామమందు 1992 నవంబరులో ఒక రైతు తన చేలో సుత్తిని పోగొట్టుకొనెను. అతని మిత్రుడు ఎరిక్ లాస్ అను వృద్ధుడు, తోటపని చాలించుకొన్నవాడు, తన లోహశోధకముతో ఆ సుత్తిని వెదకబోయెను. సుత్తికి బదులు వెండిగరిటెలు, బంగారునగలు, నాణెములు బయటపడజొచ్చినవి. ఆయన ఆశపడి అంతయు పెకలింపలేదు. త్రవ్వుట ఆపి, అధికారులకు తెలిపెను. మఱునాడు పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి, పెట్టెలో ఏ వస్తువు ఎచ్చట అమర్చియుండెనో చెదరకుండ తీసిరి. దాదాపు 15,000 రోమను నాణెములు, అనేక ఆభరణములు దొరికినవి. ప్రభుత్వము 17 లక్షల 50 వేల పౌనుల పారితోషికమిచ్చెను. ఆయన దానిని ఆ రైతుతో పంచుకొనెను. సుత్తియు దొరికినది, నేడది నిధితోపాటు బ్రిటిషు మ్యూజియమున నున్నది. దాచియుంచిన ఆ ధనము దొంగసొత్తు అయ్యెడిది; చెప్పినందున ఇద్దఱికి సంపదయు, లోకమునకు విద్యయు అయినది.

యంత్రమును తీసికొనువారికి

మా అనుభవమును బట్టి సంఘమున ఈ క్రింది కట్టుబాట్లను చేసికొంటిమి. యంత్రమును తీసికొను సభ్యుడు చిట్టాలో తన పేరు, వెదకు చేను, పోయిన వస్తువు వ్రాయవలెను. చేను ఇతరులదైన యజమానియు, కౌలుదారును ఒప్పుకొనవలెను. మొదటిసారి వాడువారు కార్యాలయపు దొడ్డిలోని పరీక్షామడిలో ఒక దినమైన అభ్యసింపవలెను. పని ముగిసిన తరువాత బ్యాటరీలను తీసి, పళ్లెపు మట్టిని తుడిచి అప్పగింపవలెను. దొరికినదానిని, దొరకనిదానిని గూడ చిట్టాలో వ్రాయవలెను.

చివరి కట్టుబాటు అన్నింటికంటె ముఖ్యము. వెదకినవాడు "అక్కడ లేదు" అని వ్రాయరాదు. ఎంత స్థలము, ఎంత లోతు, వడపోత ఎంత పెట్టి వెదకెనో వ్రాసి, "ఇంతవఱకు వినబడలేదు" అని మాత్రమే వ్రాయవలెను. యంత్రము విననిది నేలలో లేదని చెప్పుటకు మనకు అధికారము లేదు. ఆ మాట వలన ఒక బీదరాలి మీద నింద పడునట్లయిన, అట్లు చెప్పుటకు బొత్తిగా అధికారము లేదు.

ఆ పుస్తె దొరికిననాటి సాయంకాలము సభ్యుని భార్య తానే ఆ కూలి స్త్రీ యింటికి పోయి, "అక్కా, మనసులో పెట్టుకోకు" అని చెప్పి వచ్చెనని వింటిమి. మఱుసటి వారము వారిద్దఱు మరల ప్రక్కప్రక్క వరుసలలోనే కలుపుతీసిరి. సంఘము యంత్రమునకు పెట్టిన సొమ్ము ఆనాడే వసూలైనదని మేము తలంచుచున్నాము. సభ్యులు దానిని నేర్చి వాడుదురుగాక.